కొత్త మెషిన్ సరే, లాభం ఎవరికొస్తుందో కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో టెక్నాలజీ గురించి వరసగా వ్యాసాలు వస్తున్నాయి, అన్నీ చదువుతున్నా. ఏఐ వస్తే పేద దేశాలు ఒక్క దూకుతో ధనిక దేశాల్ని అందుకుంటాయని ఒకరు రాస్తే, లేదు ఉన్న ఉద్యోగాలు కూడా ఊడిపోతాయని ఇంకొకరు రాశారు. ఇద్దరి వాదనలు పూర్తిగా వేరు గానీ ఒక్క దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే అనుకుంటున్నారు, మెషిన్ వచ్చిందంటే దాని పని అది చేసుకుపోతుంది అని. మంచో చెడో దానంతట అదే జరిగిపోతుందని. నేను చాలా ఏళ్ళు ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్ ప్లానింగ్ చేసినవాణ్ణి, నాకు తెలిసినంతలో అలా ఎక్కడా జరగదు. మెషిన్ ముందు నిలబడే మనిషికి దాంతో ఏమొస్తుంది అన్నదాన్ని బట్టే అది నడుస్తుంది, లేదా మూలన పడి ఉంటుంది. ఈ మాట వ్యాసాల్లో ఎక్కడా కనపడలేదు కాబట్టి కొంచెం పెద్ద ఉత్తరమే రాస్తున్నా, వీలైతే వెయ్యండి.

ముందు పాత సంగతి ఒకటి. రాబర్ట్ సోలో అనే అమెరికన్ ఆర్థికవేత్త 1957లో ఒక లెక్క తీశాడు. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో వ్యవసాయం తీసేసి చూస్తే గంట పనికి వచ్చే ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. అందులో అదనంగా పెట్టుబడి పెట్టి మెషిన్లు, బిల్డింగులు పెంచడం వల్ల వచ్చింది 8లో ఒక వంతే, మిగతా 7 వంతులు వేరే కారణాల వల్ల అని తేల్చాడు. దాన్ని సాంకేతిక మార్పు అని పిలిచారు గానీ నిజానికి అది లెక్కలో మిగిలిపోయిన భాగం, అందులో చదువు, అనుభవం, పని చేసే పద్ధతి అన్నీ కలిసే ఉన్నాయి. ఆ సోలోనే 1987లో, కంప్యూటర్లు ఎక్కడ చూసినా కనపడుతున్నాయి, ఒక్క ఉత్పాదకత లెక్కల్లో తప్ప అన్నాడు. అదే ఏడాది ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఉత్పాదకత అంటే మరీ పెద్ద మాటేం కాదు, అదే మనిషి అదే గంటలో ఇదివరకటి కన్నా ఎక్కువ సరుకో, మంచి సరుకో ఇవ్వగలగడం. ఒక దేశంలో జీతాలు ఏళ్ళ తరబడి పెరుగుతూ పోవాలంటే చివరికి ఆధారం అదొక్కటే.

కంప్యూటర్లకి ముందు కరెంటు కథ కూడా ఇదే. ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో కరెంటు స్టేషన్ పెట్టాడు, కానీ అమెరికన్ ఫ్యాక్టరీల్లో ఉత్పాదకత గట్టిగా పెరిగింది 1920ల్లో. మధ్యలో అన్నేళ్ళు ఏం చేశారంటే ఆవిరి ఇంజన్ పీకేసి అదే చోట ఒక పెద్ద మోటారు బిగించారు, మిగతాదంతా పాత పద్ధతే, పైన పొడవాటి ఇనప షాఫ్టు, దాన్నుంచి కిందికి బెల్టులు, మెషిన్లన్నీ ఆ షాఫ్టు చుట్టూనే. ఒక్కో మెషిన్‌కి ఒక్కో చిన్న మోటారు పెట్టొచ్చు, అప్పుడు మెషిన్లని షాఫ్టు కోసం కాకుండా పని నడిచే వరసలో పెట్టుకోవచ్చు, మేడలు లేకుండా పొడవాటి షెడ్డు కట్టుకోవచ్చు అని అర్థమయ్యి, దానికి తగ్గట్టు కొత్త ఫ్యాక్టరీలు లేచేసరికి ఒక తరం గడిచిపోయింది. పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1990లో దీని మీద రాశాడు, కంప్యూటర్ల విషయంలో కంగారు పడేవాళ్ళకి జవాబుగా. డబ్బు, కరెంటు, ఇంజనీర్లు అన్నీ ఉన్న దేశానికే అంత టైమ్ పట్టింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. నన్ను బాగా ఆలోచింపజేసింది పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ ఊళ్ళో జరిగిన ఒక పరిశోధన. ప్రపంచంలో చేత్తో కుట్టే ఫుట్‌బాల్స్‌కి ఆ ఊరు పెట్టింది పేరు. మామూలు బంతిలో 20 ఆరు కోణాల ముక్కలు, 12 ఐదు కోణాల ముక్కలు ఉంటాయి. రెక్సిన్‌కి గుడ్డ అతికించి షీటు తయారుచేస్తారు, దాని మీద ఇనప డై, అంటే ముక్క ఆకారంలో ఉండే కోత అచ్చు పెట్టి ప్రెస్‌తో ఒక్కొక్క దెబ్బకి రెండేసి ముక్కలు కోస్తారు. ఆరు కోణాలవి పక్కపక్కన సందు లేకుండా సరిపోతాయి, ఐదు కోణాలవి ఎలా పెట్టినా మధ్యలో సందులు మిగులుతాయి, ఆ సందుల్లోని రెక్సిన్ అంతా చెత్తలోకే. ఖర్చులో పెద్ద భాగం రెక్సిన్‌దే. డేవిడ్ అట్కిన్, ఎరిక్ వెర్హూగెన్, ఇంకా కొందరు ఆర్థికవేత్తలు కలిసి ముక్కల్ని కొంచెం అటూ ఇటూ జరిపి కోసే కొత్త డై ఒకటి చేయించారు. దాంతో అదే షీటు నుంచి ఎక్కువ ముక్కలు వస్తాయి. కొత్త కరెంటు అక్కర్లేదు, కొత్త ప్రెస్ అక్కర్లేదు, డై ఒక్కటి మారిస్తే చాలు. దాన్ని 35 కంపెనీలకి ఉచితంగా ఇచ్చారు, ఎలా వాడాలో చూపించారు కూడా.

15 నెలలు గడిచాయి. వాడుతున్న కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకు అని వెళ్ళి అడిగితే తేలిందేంటంటే, అక్కడ కోతపని చేసేవాళ్ళకి ఎక్కువ కంపెనీల్లో పీస్ రేటు, అంటే కోసిన ముక్కలకే డబ్బులు. కొత్త డైతో చెయ్యి అలవాటు పడేదాకా పని నెమ్మదిస్తుంది, అంటే కూలీ తగ్గుతుంది. అలవాటు పడ్డాక కూడా రెక్సిన్ మిగలడం వల్ల లాభం ఓనర్‌కే, కార్మికుడికి అదనంగా వచ్చేది ఏమీ లేదు. అలాంటప్పుడు ఓనర్ వచ్చి ఈ డై ఎలా ఉందయ్యా అని అడిగితే ఆ మనిషి ఏం చెప్తాడు, బాగాలేదు సార్ అనే కదా. ఓనర్‌కి కోత పని తెలియదు, తెలిసిన మనిషి మాటే ఆధారం, కాబట్టి పక్కన పడేశాడు. తర్వాత పరిశోధకులు కొన్ని కంపెనీల్లో ఒక చిన్న పని చేశారు. కోసే మనిషికి ఒకరికి, ముక్కల మీద ప్రింటింగ్ చేసే మనిషికి ఒకరికి, కొత్త డై వాడడం వచ్చని ఓనర్ ముందు చేసి చూపిస్తే ఒక నెల సంపాదన అంత డబ్బు బహుమతిగా ఇస్తామన్నారు. కంపెనీ మొత్తం లాభంతో పోలిస్తే అది ఎంత, ఏమీ కాదు. కానీ ఆ తర్వాత డై వాడకం గట్టిగా పెరిగింది. ఈ పరిశోధన 2017లో అచ్చయింది, పాలసీలు రాసేవాళ్ళు ఒక్కసారైనా చదవాల్సిందని నా గట్టి అభిప్రాయం.

దీన్ని చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు. నేను పనిచేసిన ఒక చోట (పేరు ఎందుకు లెండి) కొత్త మెషిన్లు దించారు, మొదటి నెల అవుట్‌పుట్ బాగా లేచింది, దాంతో పాటే కూలీ కూడా లేచింది, రెండో నెలలో మేనేజ్‌మెంట్ పీస్ రేటు కోసేసింది. మెషిన్ చేసే పనికి వీళ్ళకెందుకు అంత డబ్బులు అని వాళ్ళ వాదన. మూడో నెల నుంచి అవుట్‌పుట్ సరిగ్గా పాత మెషిన్లతో ఎంత వచ్చేదో అక్కడికే వచ్చి ఆగిపోయింది, ఒక్క ముక్క ఎక్కువ లేదు తక్కువ లేదు. ఎవరూ స్ట్రైక్ చెయ్యలేదు, గొడవ పడలేదు. దారం తెగిందని కాసేపు, సెట్టింగ్ మారిందని కాసేపు, అలా గడిచిపోయేది. పైనుంచి వచ్చినవాళ్ళు లేబర్‌కి స్కిల్ లేదు అని రిపోర్టు రాసుకుని వెళ్ళారు. ఆ మాట తప్పు అని మీటింగ్‌లో చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నా. వాళ్ళకి స్కిల్ పుష్కలంగా ఉంది, దాన్ని బయటపెడితే తమకే నష్టం అన్న సంగతి కూడా బాగా తెలుసు.

అలాగని అంతా కార్మికుల వైపు సంగతే అనను, ఓనర్ల వైపు కూడా ఇంతే సమస్య ఉంది. నికొలాస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, మరికొందరు కలిసి ముంబై దగ్గర నేత మిల్లుల్లో చేసిన ప్రయోగం 2013లో వచ్చింది. 17 కంపెనీలు, వాటికి 28 ప్లాంట్లు. అక్కడికి కొత్త మగ్గాలేం తీసుకెళ్ళలేదు. స్టోర్‌లో ఏ నూలు ఎంత ఉందో రాసిపెట్టుకోవడం, ఏ మెషిన్ ఎందుకు ఆగిందో నోట్ చేసుకోవడం, గుడ్డలో ఏ లోపం ఎక్కడొస్తుందో రోజూ చూసి మీటింగ్ పెట్టుకోవడం, మెయింటెనెన్స్ టైమ్‌కి చెయ్యడం, ఇలాంటివి నేర్పించారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఇంత తేలిక పని ముందే ఎందుకు చెయ్యలేదంటే కొంత తెలియక, తెలిసినా అది మాకు అక్కర్లేదు అనుకోవడం వల్ల. ఇంకో సంగతి, ఆ కంపెనీలు ఎంత పెద్దగా పెరిగాయన్నది ఎంత బాగా నడుస్తున్నాయి అన్నదాన్ని బట్టి కాదట, కుటుంబంలో ఎంతమంది మగవాళ్ళు ఉన్నారన్నదాన్ని బట్టట. బయటి మనిషికి పెత్తనం ఇవ్వాలంటే భయం, మోసం జరిగితే కోర్టుకెళ్ళి తేల్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, అందుకని అన్నదమ్ములు, కొడుకులు ఎంతమంది ఉంటే అన్ని ప్లాంట్లు. దాదాపు తొమ్మిదేళ్ళ తర్వాత అదే బృందం మళ్ళీ వెళ్ళి చూస్తే నేర్చుకున్న పద్ధతుల్లో సగం దాకా వదిలేశారు, ముఖ్యంగా మేనేజర్లు మారిపోయిన చోట. అయినా నేర్చుకోని వాళ్ళ కంటే వీళ్ళు ముందే ఉన్నారు. టెక్నాలజీ అనే మాటలో ఈ రిజిస్టర్ రాసుకోవడం, ఈ మీటింగ్, కోర్టు వేగం కూడా లెక్కలోకి రావాలని నేననేది.

వస్తువు పంచేసి పని అయిపోయిందనుకునే రోగం మాత్రం ప్రపంచమంతా ఉంది. పెరూ ప్రభుత్వం పిల్లలకి లక్షల లాప్‌టాప్‌లు పంచింది, 319 బడుల్లో 15 నెలల తర్వాత పరీక్ష పెట్టి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ తేడా రాలేదు. టీచర్‌కి దాంతో పాఠం ఎలా చెప్పాలో నేర్పకపోతే అంతకన్నా ఏమొస్తుంది.

దీనికి పూర్తి విరుద్ధంగా కెన్యాలో ఎం-పెసా. 2007లో మొదలైంది, మామూలు ఫోన్లో మెసేజ్ ద్వారా డబ్బు పంపడం, అంతే. దాన్ని అందరూ ఫోన్ చేసిన అద్భుతం అంటారు, నేను మాత్రం ఏజెంట్లు చేసిన పని అంటాను. చేతిలోని నోట్లు తీసుకుని ఫోన్లో బ్యాలెన్స్ వేసేవాడు, ఫోన్లో బ్యాలెన్స్ తీసుకుని నోట్లు ఇచ్చేవాడు నడిచి వెళ్ళే దూరంలో లేకపోతే ఆ మెసేజ్‌కి విలువేముంది. ఆ చిన్న దుకాణదారులకి ప్రతి లావాదేవీకి కమిషన్ ఇచ్చారు కాబట్టి వాళ్ళు నిలబడ్డారు, క్యాష్ అయిపోకుండా చూసుకున్నారు, రాని వాళ్ళకి ఓపిగ్గా నేర్పారు. తవ్నీత్ సూరి, విలియం జాక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2016లో వేసిన లెక్క ప్రకారం దీనివల్ల కెన్యాలో 1 లక్షా 94 వేల కుటుంబాలు, అంటే మొత్తం కుటుంబాల్లో 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయి, ఆడవాళ్ళే ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాల్లో లాభం ఇంకా ఎక్కువ. ఇక్కడ కూడా అదే సూత్రం పనిచేసింది, మధ్యలో పనిచేసే మనిషికి వాటా దక్కింది.

బంగ్లాదేశ్ గార్మెంట్స్ కథ తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ళ కోసం. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ దక్షిణ కొరియాలోని దేవూ కంపెనీతో కుదిరిన ఒప్పందం ప్రకారం 130 మంది పనివాళ్ళని అక్కడికి ట్రైనింగ్‌కి పంపింది. వాళ్ళు తిరిగొచ్చి కొన్నేళ్ళు పనిచేసి, ఆ 130లో 115 మంది 1980ల్లో బయటికొచ్చేశారు, సొంత కంపెనీలు పెట్టినవాళ్ళు కొందరు, వేరే కొత్త కంపెనీల్లో చేరినవాళ్ళు కొందరు. ఆ ఒక్క కంపెనీ దృష్టిలో అది నష్టమే, దేశం దృష్టిలో చూస్తే అక్కణ్ణుంచే ఒక పరిశ్రమ పుట్టింది. ఇవాళ ఆ దేశం ఎగుమతుల్లో 80 శాతం పైగా బట్టలే. కుట్టు మెషిన్లు డబ్బున్నవాళ్ళు ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చు, లైన్ ఎలా వెయ్యాలి, ఆర్డర్ ఎలా పట్టాలి, డెలివరీ తేదీ తప్పకుండా ఎలా చూసుకోవాలి అన్నది మాత్రం ఆ మనుషుల తలల్లో కూర్చుని వచ్చింది. (ఆ తర్వాత ఆ పరిశ్రమలో భద్రత ఎంత నిర్లక్ష్యం చేశారో 2013లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు లోకం చూసింది. దాన్ని పక్కన పెట్టి పొగిడేవాళ్ళంటే నాకు గౌరవం లేదు.)

ఇక మామూలుగా చెప్పే కారణాలు ఉండనే ఉన్నాయి, అవి కూడా నిజమే. ఆఫ్రికాలో సహారాకి దక్షిణాన దాదాపు 60 కోట్ల మందికి ఇంకా కరెంటే లేదు, ఉన్నచోట కూడా ఎప్పుడు పోతుందో తెలియక జనరేటర్ల మీద తగలేస్తున్నారు. కూలీ చవకగా, వడ్డీ ఎక్కువగా ఉన్న దేశంలో ఖరీదైన మెషిన్ కొనకపోవడం తెలివితక్కువతనం కాదు, సరైన లెక్కే. డాని రోడ్రిక్ లాంటి ఆర్థికవేత్తలు చెప్పినట్టు ఇవాళ్టి పేద దేశాల్లో పాత ధనిక దేశాలంత ఎదగకముందే ఫ్యాక్టరీ ఉద్యోగాల వాటా తగ్గడం మొదలైంది, ఆ దారి రాన్రానూ ఇరుకవుతోంది. మన దేశంలోనే చూడండి, పనిచేసేవాళ్ళలో దాదాపు 45 శాతం ఇంకా వ్యవసాయంలో ఉన్నారు, ఉత్పత్తి విలువలో దాని వాటా మాత్రం 18 శాతం దగ్గర ఉంది. అంతమంది అక్కణ్ణుంచి కదిలి ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్నకి యాప్ దగ్గర జవాబు లేదు.

చివరికి ఏఐ, మీ వ్యాసాలన్నీ మొదలైంది దాంతోనే కాబట్టి. ఒక కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో 5 వేల మందికి పైగా ఉద్యోగుల మీద ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ అనే ఆర్థికవేత్త బృందం చేసిన పరిశోధన 2023లో బయటికొచ్చింది, ఆ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌లో ఉన్నారు. చాట్‌లో కస్టమర్ ఏదో అడుగుతుంటే ఏం జవాబివ్వాలో ఏఐ పక్కన చూపిస్తూ ఉంటుంది. సగటున గంటకి తీర్చే సమస్యలు 14 శాతం పెరిగాయి, కొత్తగా చేరినవాళ్ళు, పని అంతగా రానివాళ్ళలో 34 శాతం, అనుభవం ఉన్నవాళ్ళలో మాత్రం పెద్ద మార్పు లేదు. చాలా పేపర్లు ఇంతవరకు రాసి ఆగిపోయాయి. ఎందుకలా జరిగిందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ ఏఐ నేర్చుకున్నది బాగా పనిచేసే ఉద్యోగుల పాత చాట్‌లు చూసి. అంటే ఏళ్ళ తరబడి కోపంగా ఉన్న కస్టమర్లతో ఎలా మాట్లాడాలో కనిపెట్టిన మనిషి నేర్పుని తీసి, నిన్న చేరినవాడి స్క్రీన్ మీద పెట్టింది. దేశానికి ఇది చాలా మంచి వార్త, కొత్తవాళ్ళు త్వరగా పని నేర్చుకుంటారు, జీతం పెరిగే దారి దొరుకుతుంది. కానీ ఆ మొదటి మనిషికి ఏమొచ్చింది? తన నేర్పుకి ఉన్న విలువ అందరికీ పంచేశారు, తనకి అదనంగా ఏదీ దక్కకపోతే రేపటి నుంచి కొత్త ఉపాయం కనిపెట్టి చాట్‌లో టైప్ చెయ్యడానికి ఆయనకేం పట్టింది. సియాల్‌కోట్‌లో కోతపని చేసే మనిషి ఎక్కడ ఆగాడో ఈయన కూడా అక్కడే ఆగుతాడు, అప్పుడు ఏఐ నేర్చుకోవడానికి మంచి చాట్‌లే ఉండవు.

డారన్ అసెమొగ్లు అనే ఆర్థికవేత్త 2024లో వేసిన అంచనాలో, వచ్చే పదేళ్ళలో ఏఐ వల్ల అమెరికా మొత్తం ఉత్పాదకత పెరిగేది 0.66 శాతం మించదని అన్నాడు. ఆయన అంచనా మరీ తక్కువ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆ అంకె మీద పట్టింపు లేదు, ఎక్కువైనా తక్కువైనా అది ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, ఒక్కో ఆఫీసులో ఒక్కో షెడ్డులో ఎవరికి ఎంత వాటా అన్న దాన్ని బట్టి తేలేది.

అందుకని ప్రభుత్వాల్ని అడిగేదేంటంటే, మెషిన్ కొనడానికి సబ్సిడీ ఇస్తున్నప్పుడు అందులో కొంత భాగం దాన్ని నడిపే మనిషి శిక్షణ కాలంలో పోగొట్టుకునే కూలీకి కట్టండి. కొత్త మెషిన్ వచ్చాక కనీసం ఒక ఏడాది పీస్ రేటు తగ్గించకూడదని షరతు పెట్టండి. రిపేర్ చేసేవాళ్ళని అక్కడికక్కడే తయారుచెయ్యండి, చిన్న పార్టు కోసం నెలల తరబడి మెషిన్ ఆగిపోవడం నేను కళ్ళారా చూశా. ఏఐ కోసం ఉద్యోగుల చాట్‌లు, కాల్స్ వాడుకునే కంపెనీలు ఆ ఉద్యోగులకి కూడా లాభంలో వాటా ఇవ్వాలని రూల్ తేవడం కష్టమేమీ కాదు, మనసుంటే.

మీ పత్రికకి కూడా ఒక మనవి. ఫలానా చోట ఇన్ని ట్యాబ్లెట్లు పంచారు, ఇంత ఖర్చుతో యూనిట్ ప్రారంభించారు అని ఫోటోతో వార్త వేస్తున్నారు, వెయ్యండి, తప్పు లేదు. కానీ ఏడాది తిరిగాక అదే చోటికి విలేఖరిని మళ్ళీ పంపండి. ఆఫీసు గదిలో కూర్చుని మేనేజర్‌తో మాట్లాడి రాకుండా లైన్ మీద నిలబడి పనిచేసే వాళ్ళని అడగమనండి, ఇది వాడుతున్నారా, రోజుకి ఎంత పని ఎక్కువ అవుతోంది, చేతికి ఎంత ఎక్కువ వస్తోంది అని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, మొదటి వార్త వేసిన పేజీలోనే అంతే సైజులో వెయ్యండి.

ఇట్లు
మీ పాఠకుడు